వినికిడి మిషన్‌తో మాట అర్థం కానివాళ్లను ఇంప్లాంట్‌కి ఎందుకు పంపరు?

అనకాపల్లి_అబ్బాయి:
మా నాన్నగారికి 66 ఏళ్లు. రెండు చెవులకీ మిషన్లున్నాయి. చప్పుడు వినిపిస్తుంది, మాట తెలియదు. వెళ్లిన ప్రతిసారీ ఇంకా పవర్ ఎక్కువున్న మిషన్ చూపించారే తప్ప కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఊసే ఎత్తలేదు. వినికిడి పరీక్షలు చేసి మిషన్లు పెట్టే ఆడియాలజిస్టులూ, నిజం చెప్పండి. మిషన్ల మీద వచ్చే డబ్బు పోతుందనేనా?

ఓరుగల్లు_ఆడియో:
అలాంటివాళ్లు లేరనను. నా ఇబ్బంది వేరు. ఆరోగ్యశ్రీ గానీ, దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం గానీ ఇంప్లాంట్ ఇచ్చేది పిల్లలకే. పెద్దవాళ్లయితే లక్షలు సొంతంగా పెట్టుకోవాలి. పెట్టలేని ఇంటికి ఆ మాట చెప్పి ఆశ పెట్టడానికి నాకు నోరు రాదు.

ఈఎన్‌టీ_గుంటూరు:
పెట్టలేరని మీరెలా తేలుస్తారండీ? పంపడమంటే ఆపరేషన్ రాసివ్వడం కాదు, అర్హత చూడమని పంపడం. పెద్దవాళ్లకు 60/60 అని సులువైన లెక్క ఉంది: రెంటిలో బాగున్న చెవిలో కూడా వినికిడి లోపం సగటున 60 డెసిబెల్స్, ఆపైన ఉండి, మిషన్ లేకుండా చేసిన మాటల పరీక్షలో 60 శాతం లేదా అంతకు తక్కువ వస్తే పంపాలి. ఆ మాటల పరీక్షే చాలాచోట్ల చేయరు, బీప్‌లు వినిపించి సరిపెడతారు! మెనింజైటిస్‌తో (మెదడు పొరల వాపు) వినికిడి పోయిన పిల్లల విషయమైతే మరీ తొందర. మిషన్ పెట్టి కొన్ని నెలలు చూద్దామంటే ఈలోగా కాక్లియాలో (లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే భాగం) ఎముక పెరిగి, ఇంప్లాంట్ తీగ, అంటే ఎలక్ట్రోడ్ వెళ్లే దారే మూసుకుపోవచ్చు.

థెరపీ_టీచర్:
డాక్టర్ గారూ, మీ పని ఆపరేషన్‌తో అయిపోతుంది, మాది అప్పుడే మొదలవుతుంది. పుట్టుచెవుడు పిల్లలకు మాట రావాలంటే ఏళ్ల తరబడి థెరపీ కావాలి. కూలి మానుకుని తల్లి వారం వారం పట్నం ఎలా వస్తుంది? వారంటీ అయ్యాక తలకి అంటుకుని ఉండే కాయిల్ పోతే కొనలేక, ఇంప్లాంట్‌కి బయట పెట్టుకునే ప్రాసెసర్‌ని బీరువాలో పెట్టేసిన ఇళ్లు నాకు తెలుసు. అందుకే నేను ఎవరినీ తోసి పంపను.

ఈఎన్‌టీ_గుంటూరు:
అది పిల్లల సంగతి మేడమ్, కాదనను. ఈ అబ్బాయి నాన్నగారికి భాష ఎప్పుడో వచ్చింది, కొత్త శబ్దానికి అలవాటు పడటమే. అయితే వినపడకుండా ఎన్నేళ్లు గడిస్తే ఫలితం అంత తగ్గే అవకాశం ఉంది. ఆపరేషన్‌తో ఆ చెవిలో మిగిలిన కాస్త వినికిడీ పోవచ్చు, అదీ ముందే చెప్పాలి.

ఓరుగల్లు_ఆడియో:
బాబూ, మాటల పరీక్షలో నాన్నగారికి ఎంత శాతం వచ్చింది?

అనకాపల్లి_అబ్బాయి:
రిపోర్టులన్నీ తిరగేశాను సార్. ఆ పరీక్ష ఎవరూ చేయలేదు.