సమాజశాస్త్రంలో ఎం.ఏ.: ఉస్మానియానా, కేంద్రీయ విశ్వవిద్యాలయమా?

ప్రశ్న (వరంగల్ విద్యార్థిని): తెలుగు మాధ్యమంలో బి.ఏ. పూర్తిచేశాను. సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేయాలనుకుంటున్నాను. ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నాకు ఏది తగినదో చెప్పగలరా?

మొదటి జవాబు: పరిశోధన మీద ఆసక్తి ఉంటే నేను కేంద్రీయ విశ్వవిద్యాలయాన్నే సూచిస్తానమ్మా. దానికి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ ప్రవేశపరీక్ష రాయాలి కనుక రెండింటికీ దరఖాస్తు చేయడం మంచిది. ఆంగ్లం గురించి బెంగ వద్దు. నేనూ తెలుగు మాధ్యమం నుంచే వచ్చాను, మొదటి సెమిస్టరులో జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ వ్యాసంలో ఒక్క పేజీ చదవడానికి, నిఘంటువు పక్కన పెట్టుకుని అంచున పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకుంటూ, గంటన్నర పట్టేది. రెండో సెమిస్టరుకు పెన్సిలు అవసరం తగ్గింది.

రెండో జవాబు: ఉస్మానియాను తక్కువగా చూడకండి. ప్రముఖ సమాజశాస్త్రవేత్త ఎస్.సి. దూబే అక్కడ పనిచేసిన కాలంలోనే శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేశారు. ఆ అధ్యయనం మీద ఆయన రాసిన గ్రంథం 1955లో వెలువడింది. అయితే పాత కీర్తిని చూసి చేరడం కూడా సరికాదు (మనవాళ్లకు ఆ అలవాటు ఎక్కువే). ప్రస్తుత సిలబస్ తెచ్చుకుని, క్షేత్రపరిశోధనకు ఎన్ని క్రెడిట్లు కేటాయించారో, చివరి సెమిస్టరులో లఘు పరిశోధన ఉందో లేదో చూడండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని: ధన్యవాదాలండీ. రెండు సిలబస్‌లూ ఈ వారమే చూస్తాను.