అమ్మ సంవత్సరీకం కార్డు మీద 'బీడీ కార్మికురాలు' అని వేయించాలా, వద్దా?

జగిత్యాల ఆడబిడ్డ:
వచ్చే నెల మా అమ్మ సంవత్సరీకం. కార్డు, ఫ్లెక్సీ మాటర్ చూసే పని నా మీద పడింది. తమ్ముడు రాసి పంపింది ఇది: "కష్టజీవి, కుటుంబమే లోకంగా బతికిన మాతృమూర్తి." దాని కింద 'బీడీ కార్మికురాలు' అని ఒక్క మాట చేర్చమన్నాను. ససేమిరా అన్నాడు. "మా అత్తగారి వాళ్లు, ఆఫీసు వాళ్లు వస్తారక్కా, అదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు. మూడు రోజుల నుంచి మాటల్లేవు.

నాయన దుబాయ్‌లో ఉన్న పదకొండేళ్లూ ఇల్లు గడిచింది అమ్మ చాట మీదే. నాయన పైసలు అప్పుల మిత్తికే పోయేవి. పొద్దున్నే తునికాకు నీళ్లలో తడిపి గుడ్డలో చుట్టి పెట్టేది. వంట కాగానే గోడకు ఆనుకుని చాట ఒళ్లోకి తీసుకుంటే, వెయ్యి బీడీలు అయ్యేదాకా ఆ చేతులు ఆగేవి కావు. ఆకు కత్తిరిస్తూనే నాతో ఎక్కాలు చదివించేది. ఆమెకు ఎక్కాలు రావు. నా గొంతు ఎక్కడ తడబడితే అక్కడ కత్తెర ఆపి నా మొహం చూసేది, అంతే.

'కష్టజీవి' అని ఎవరి ఫొటో కిందైనా రాస్తారు. మా అమ్మ కష్టానికి ఒక పేరుంది కదా?

నిజామాబాద్ అన్న:
చెల్లెమ్మా, మీ తమ్ముడిని నేను తప్పు పట్టలేను. మా అమ్మ కూడా 30 ఏళ్లు చుట్టింది. తంబాకు దుమ్ముకు దగ్గు, ఎప్పుడూ నడుం నొప్పి. చివరి రోజుల్లో అన్నం కలుపుకోవడానికి వేళ్లు వంగేవి కావు. "ఈ బీడీల బతుకు నాతోనే పోవాలె" అనేది. దేని నుంచి మమ్మల్ని బయట పడేయాలని అంత కొట్లాడిందో, దాన్నే ఆమె ఫొటో కింద ఎట్ల పెట్టాలి? పైగా బీడీలు తాగి ఊపిరితిత్తులు పాడై పోయినవాళ్లు మా వాడలోనే ఉన్నారు. నాకు మనసు రాలేదు. పేరు రాసి ఊరుకున్నాం.

సిరిసిల్ల కోడలు:
మా అత్తమ్మ సంగతి చెప్తాను. ఆమె పేరు మీద పీఎఫ్ కార్డు లేదు. పక్కింటామె కార్డు మీద చుట్టి ఇచ్చేది. మా వైపు ఇట్ల చుట్టినవాళ్లు చాలామందే. ఆకు నాసిరకంగా వచ్చినా లెక్క మాత్రం తగ్గొద్దు, తగ్గితే సొంత పైసలతో ఆకు కొనుక్కోవాలి. అన్నేళ్లు చేసినా బీడీ కార్మికుల పింఛను రాలేదు, కాగితం లేదన్నారు. పోయినప్పుడు మేమూ కార్డు మీద 'గృహిణి' అని కొట్టించాం. ఆమె పని చేసిందని ఇప్పుడు ఎక్కడా ఒక్క అక్షరం లేదు. అక్కా, మీరు రాయించండి. నాకు ఆ బాధ ఇంకా పోలేదు.

కోరుట్ల రిటైర్డ్ టీచర్:
మగవాళ్లు పోతే 'రిటైర్డ్ హెడ్ మాస్టర్' అనో 'ఆర్టీసీ డ్రైవర్' అనో వేయిస్తాం, ఎవరూ చర్చ పెట్టరు. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే ఆడవాళ్లను కూడా కార్మికులుగానే లెక్కపెట్టింది. సర్కారు ఒప్పుకున్న మాటకు ఇంట్లో వాళ్లు వెనకాడడం నాకు కష్టంగా ఉంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ నుంచి స్కాలర్‌షిప్ వస్తుంది. ఆ ఫారాలు నా చేతులతో ఎన్ని నింపానో. తల్లి వృత్తి దగ్గర ఆ మాట రాస్తేనే పైసలు వచ్చేవి. మీ తమ్ముడు ఆ స్కాలర్‌షిప్ తీసుకున్నాడేమో అడగండి.

అయితే నిజామాబాద్ తమ్ముడు చెప్పిందీ కొట్టిపారేయలేను. మీ అమ్మ తన పని గురించి ఏమనేదో గుర్తు చేసుకోండమ్మా. మా అందరి మాటకన్నా అదే పెద్దది.

జగిత్యాల ఆడబిడ్డ:
సార్, తమ్ముడు తీసుకున్నాడు. తొమ్మిదో తరగతి నుంచి. కానీ ఆ మాట ఎత్తి వాడి నోరు మూయించాలని లేదు.

నిజామాబాద్ అన్న రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ కూడా నన్ను చాట ముట్టనిచ్చేది కాదు, చేతి మీద కొట్టేది. అది నిజమే. పొద్దున ఆమె పెట్టె తీశాను. చీరల కింద అమ్మ ఫొటో ఉన్న బీడీ కార్మికుల కార్డు, పింఛను పుస్తకం, ఆకు కొలతకు పెట్టుకునే రేకు ముక్క ఒక గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. నాయన పంపినవీ తమ్ముడు ఇచ్చినవీ అమ్మకు 'ఇంటి పైసలు'. నెలనెలా వచ్చే ఆ 2016 రూపాయల పింఛను మాత్రం 'నా బీడీల పైసలు'. మనవరాలికి గజ్జెలు కొన్నప్పుడు, "ఇవి నా బీడీల పైసలతో కొన్నవి" అని వాడకట్టంతా తిరిగి చెప్పింది.

ఇదంతా రాసి, ఆ కార్డు ఫొటో తీసి తమ్ముడికి పంపాను. చాలాసేపటికి, "ఇందులో అమ్మ ఎంత చిన్నగా ఉందక్కా, ఫ్లెక్సీకి ఈ ఫొటోనే పెడదాం" అన్నాడు. కింద రాసే మాట గురించి ఇంకా ఏమీ అనలేదు. ఆదివారం ఇంటికి వస్తున్నాడు. చాట అటక మీద నుంచి దించి తుడిచి పెట్టాను.