‘నివారణ’ అంటే రాకముందా, వచ్చాకా?

ఏఎన్ఎమ్ పిల్లలకు సామాజిక ఆరోగ్యం చెబుతుంటాను. మొన్న లీవెల్, క్లార్క్ అనే ప్రజారోగ్య నిపుణులు చెప్పిన రోగ నివారణ (ప్రివెన్షన్) మూడు మెట్లు చెబుతూ బోర్డు మీద ‘ప్రాథమిక నివారణ, ద్వితీయ నివారణ, తృతీయ నివారణ’ అని రాశాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, “మేడమ్, పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయాక ఫిజియోథెరపీ చేయిస్తే అది నివారణ ఎలా అవుతుంది? వచ్చేసిందిగా!” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు పిల్లదీ కాదు, మాటదీ కాదు. వారించడమంటే అడ్డుకోవడం, అడ్డుకోలేనిది అనివార్యం. అలా చూస్తే నివారణ రాకముందు పని. కానీ మందుల షాపులో ‘నొప్పి నివారణ తైలం’ నొప్పి వచ్చినవాడే కొంటాడు. దోష నివారణ పూజ కూడా దోషం ఉందని చెప్పాకే.

పోనీ ‘నిరోధం’ అందామా అంటే, రోగనిరోధక శక్తి అని ఇమ్యూనిటీకి ఇచ్చేశాం. గర్భనిరోధకం సరేసరి. 1968లో సర్కారు వారి తొడుగుకు ‘నిరోధ్’ అని పేరు పెట్టినప్పటి నుంచి క్లాసులో ఆ మాటెత్తితే కిసకిసలే. మీరేమంటారు?

—

సంస్కృతంలో ఈ తకరారు లేదండీ. ‘ప్రక్షాళనాద్ధి పంకస్య దూరాదస్పర్శనం వరమ్’. బురద కడుక్కోవడం కన్నా దూరంగా ఉండి అంటించుకోకపోవడమే మేలు. మీ మొదటి మెట్టు ఇదే. మూడోది మన చేతులు కాలాక ఆకులు.

—

ఆ ఆకుల్ని అంత తీసిపారేయకండి. మా తాతకు నారికురుపు లేచింది. దానికి మందూ లేదు, టీకా లేదు. కాలి పొక్కులోంచి తెల్లటి దారంలా పురుగు బయటికొస్తే చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కాస్త కాస్త లాగేవాళ్లు. తొందరపడి తెంపితే కాలు వాచిపోయేది. వారాల తరబడి మంచమే. ఏడాది కిందట తాగిన నీళ్ల ఫలితం అది!

కురుపున్న కాలితో దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లలు నీళ్లలో పడేవి, సైక్లాప్స్ అనే నలుసంత నీటి పురుగులు వాటిని మింగేవి, ఆ నీళ్లు ఊరంతా తాగేది. అందుకే నీళ్లు గుడ్డతో వడగట్టమన్నారు, మెట్లు మూసి చేదబావులు చేశారు, కురుపున్నవాళ్లను బావిలో దిగనివ్వలేదు. దేశంలో ఆఖరి కేసు 1996లో. 2000లో డబ్ల్యూహెచ్‌వో మన దేశానికి సర్టిఫికెట్ ఇచ్చింది. కురుపున్నవాణ్ణి నీళ్లకు దూరంగా ఉంచి కట్టు కట్టడం వాడికి వైద్యం, ఊరికి నివారణ. మెట్టు ఏదని అడిగితే నేను చెప్పలేను.

—

మేడమ్, మీరు నామవాచకం కోసం వెతుకుతున్నారు. తెలుగులో ఈ పని చేసేది ‘-కుండా’. వ్యతిరేకార్థక అసమాపక క్రియ. రాకుండా చూడటం, ముదరకుండా చూడటం, మంచాన పడకుండా చూడటం. మూడు మెట్లూ వచ్చేశాయి. మీ అమ్మాయి ప్రశ్నకు జవాబూ ఇదే: మూడో మెట్టులో ఆపుతున్నది పక్షవాతాన్ని కాదు, దాని వల్ల వచ్చే అవిటితనాన్ని.

—

అయ్యో, ఇంత దగ్గరున్నదాన్ని చూడలేదు! బెట్టీ న్యూమన్ నర్సింగ్ సిద్ధాంతం కూడా దీంతో కుదురుతోంది. ఆవిడ మనిషి చుట్టూ ప్రాకారాల్లా రక్షణ రేఖలు గీసి, దెబ్బ తగలకముందు చేసేదీ, తగిలాక చేసేదీ, కోలుకునేటప్పుడు చేసేదీ మూడింటినీ ప్రివెన్షన్ అనే అంటుంది. 1978లో స్ట్రాసర్ అనే వైద్యుడు ‘ప్రైమార్డియల్’ (అన్నిటికన్నా ముందుది) అని ఇంకో మెట్టు కింద చేర్చాడు. దానికి ‘ఆదిమ నివారణ’ అని రాస్తే పిల్లలు ఆదిమానవుడు అనుకున్నారు. ‘అలవాటే పడకుండా’ అంటే సరిపోతుంది. చుట్ట కాల్చేవాడితో మాన్పించడం మొదటి మెట్టు, అసలు ముట్టకుండా చూడటం దాని కింది మెట్టు.

రేపు బోర్డు మీద ‘-కుండా’ లే రాస్తాను. పరీక్ష పేపర్లో మాత్రం ‘తృతీయ నివారణ’ అనే రాయమని చెప్పాలి, లేకపోతే మార్కులు పోతాయి.