పదో తరగతి కోసం పాప కరాటే మాన్పించాలా?

పటమట నాన్న:
మాది విజయవాడ. పాప ఆరేళ్ళుగా కరాటే నేర్చుకుంటోంది, ఇప్పుడు బ్రౌన్ బెల్ట్, అంటే బ్లాక్ బెల్ట్‌కి ముందుది. జూన్ నుంచి పదో తరగతి. స్కూల్లో రాత్రి ఏడున్నర దాకా స్టడీ అవర్స్ అంట. ఇంటర్ అయ్యేదాకా క్లాస్ ఆపేద్దామని ఇంట్లో పెద్దవాళ్ళందరూ అంటున్నారు. పాప అలిగి కూర్చుంది. స్పెయిన్ ఆమె శాండ్రా సాంచెజ్ వీడియో చూపించి, "ఈమె 39 ఏళ్ళకు ఒలింపిక్ గోల్డ్ కొట్టింది, నేను 15కే మానెయ్యాలా?" అంది. 39కి కొట్టొచ్చంటే మూడేళ్ళు ఆగితే నీకేం పోతుందే అన్నాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. మీరైతే ఏం చేస్తారు?

బ్రాడీపేట బాబాయ్:
మాన్పించండి, మొహమాటం వద్దు. ఒలింపిక్స్‌లో కరాటే వచ్చింది ఒక్కసారే, టోక్యోలో. పారిస్‌లో తీసేశారు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. పాప ఎంత కష్టపడినా ఆ మెడల్ ఇప్పట్లో లేదు కదా. ఇక్కడి టోర్నమెంట్ల సంగతి చెప్పనా? మావాడికి ఒకచోట గోల్డ్ వచ్చిందని వీధంతా స్వీట్లు పంచాం. తర్వాత తెలిసింది, వాడి గ్రూపులో ఉన్నది ముగ్గురేనని. ఎంట్రీ ఫీజు మాత్రం ముగ్గురి దగ్గరా పూర్తిగా తీసుకున్నారు.

కటా అక్క:
బాబాయ్ గారూ, ముగ్గురి గోల్డ్ నేనూ చూశాను, కాదనను. కానీ నాన్నగారూ, సాంచెజ్ సంగతి మీరు సగమే చూశారు.

ఆమెది కటా. ఎదురుగా మనిషి ఉండడు, మ్యాట్ మీద ఒక్కతే. లేని శత్రువుతో కొట్లాడుతున్నట్టు వరస తప్పకుండా చేయాలి. టోక్యోలో ఏడుగురు జడ్జీలు మార్కులు వేశారు. టెక్నిక్‌కి 70 శాతం, వేగం, బలం, నిలకడకి 30 శాతం. 2021 ఆగస్టు 5న అక్కడి బుడోకాన్ స్టేడియంలో ఫైనల్. ఎదురుగా జపాన్ అమ్మాయి కియో షిమిజు, అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. సాంచెజ్‌కి 28.06, షిమిజుకి 27.88. అంటే గోల్డ్‌కీ సిల్వర్‌కీ మధ్య 0.18. ఒక్క మలుపులో మడమ కాస్త లేచినా పోయే తేడా అది. నేనూ జిల్లా స్థాయిలో కటా చేసినదాన్నే. ఒక్క మలుపు బుద్ధిగా రావడానికి నాకు ఏడాది పట్టింది. అదైనా వచ్చిందని మా మాస్టారు ఒప్పుకోలేదనుకోండి.

సాంచెజ్ నాలుగేళ్ళప్పుడు కరాటే మొదలుపెట్టింది. మధ్యలో అమ్మకి క్యాన్సర్ వస్తే పెద్ద శిక్షణ వదులుకుని ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఆస్ట్రేలియాలో ఉంది. స్పెయిన్ జట్టులో చోటు దొరికేసరికి ముప్పై దాటింది. 2015లో యూరప్ ఛాంపియన్, 2018లో సొంత గడ్డ మాడ్రిడ్‌లో ప్రపంచ ఛాంపియన్. కోచ్ ఆమె భర్తే. చూడండి, ఆగిపోయింది జట్టు, పోటీలు. కరాటే మాత్రం ఆమె వదల్లేదు. మీరు పాపకి చెబుతున్నది పూర్తిగా మానెయ్యమని.

బ్రాడీపేట బాబాయ్:
అమ్మా, బాగా చెప్పావు. అయితే అలా ముప్పైలో జట్టులోకి వచ్చినవాళ్ళు ఎందరు? ఒక్కరి కథ చూసి వందమంది పిల్లల టైమ్‌టేబుల్ రాయలేం. పైగా అక్కడ స్పెయిన్ ఫెడరేషన్ ఉంది. ఇక్కడ ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చుకోవడానికే పదో తరగతి అయిపోతుంది.

బెంజ్ సర్కిల్ కుర్రాడు:
ఒలింపిక్స్‌లో లేకపోతే ఆటే కాదా బాబాయ్? మన విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లు, అదే కప్పీలుండే విల్లు, పట్టినప్పుడు ఆ విభాగం ఒలింపిక్స్‌లో లేదు. అయినా 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. 2028కి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ చేర్చారు. ఏది ఎప్పుడు చేరుస్తారో ఎవరికి తెలుసు? ఆసియా క్రీడల్లో కరాటే 1994 నుంచీ ఉంది.

బ్రాడీపేట బాబాయ్:
సురేఖ పేరు తెచ్చావు కాబట్టి ఊరుకుంటున్నా. సర్టిఫికెట్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కటా అక్క:
సర్టిఫికెట్ కోసమైతే నేను కూడా మాన్పించమనే అంటాను. నాన్నగారూ, ఒక్కటి అడుగుతా. స్టడీ అవర్స్ రాత్రి ఏడున్నరకి అయితే, పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఏముంది? టోర్నమెంట్లు ఆపండి, బెల్ట్ ఎగ్జామ్ వాయిదా వేయించండి. మేడ మీద రోజూ రెండు కటాలు చేసుకుంటే చాలు. మార్చి పరీక్షలకి నెల ముందు అదీ తనే తగ్గించుకుంటుంది, చూడండి.

పటమట నాన్న:
అందరికీ థాంక్సండీ. మాస్టారిని అడిగాను, బెల్ట్ ఎగ్జామ్ వచ్చే ఏడాది రాయొచ్చన్నారు. పాపకి చెబితే "టోర్నమెంట్లు కూడా మానాలా?" అంది. నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మేడ మీద చప్పుడుకి కింద అద్దెకున్నవాళ్ళు ఏమంటారో అని ఇప్పుడు కొత్త టెన్షన్.