రెయిన్‌హిల్ 1829: హాక్‌వర్త్ ఓడింది సిలిండర్ వల్లా, బాయిలర్ వల్లా?

బాయిలర్_మేస్త్రి:
1829లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే తన లైనుకు తగిన ఆవిరి ఇంజన్ కోసం ఇంగ్లండ్‌లోని రెయిన్‌హిల్‌లో పోటీ పెట్టింది, స్టీఫెన్సన్ల రాకెట్ గెలిచింది. అందులో ఓడిన ఇంజనీర్ టిమతీ హాక్‌వర్త్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఒకే మాట వినబడుతుంది. స్టీఫెన్సన్ల ఫోర్త్ స్ట్రీట్ కార్ఖానాలో పోతపోసిన సిలిండర్ పగిలింది కాబట్టే ఆయన ఇంజన్ సాన్ పరేయ్ ఓడిపోయిందని. పగిలిన చోట లోహం మందం అంగుళంలో 16వ వంతే ఉందంటారు. పోతపోసినవాళ్లే రాకెట్‌తో అదే పోటీలో ఉన్నారు కాబట్టి అనుమానం రావడం సహజం. అయినా నా వాదన ఇదీ: సిలిండర్ నిక్షేపంగా ఉన్నా 500 పౌన్ల బహుమతి ఆయనకు దక్కేది కాదు. లోపం బాయిలర్‌లో ఉంది.

షిల్డన్_శీను:
మేస్త్రి గారూ, పరిస్థితులు కూడా చూడండి. స్టాక్‌టన్–డార్లింగ్‌టన్ రైల్వేలో ఇంజన్ల బాధ్యత మోస్తూ, మిగిలిన వేళల్లో, సొంత డబ్బుతో కట్టిన ఇంజన్ అది. సరిగా పరీక్షించుకునే వ్యవధి లేదు. రాకెట్‌ని ముందే కిల్లింగ్‌వర్త్‌లో నడిపి చూసుకున్నారు. అంత తొందరలోనూ సాన్ పరేయ్ సగటున గంటకు 14 మైళ్ల దాకా లాగింది, నిబంధన అడిగింది 10 మైళ్లే. తర్వాత బోల్టన్–లీ లైన్‌లో 1844 దాకా నడిచింది, ఆపైన కాపుల్ బొగ్గు గనిలో 1863 దాకా పనిచేసింది. రాకెట్‌ని 1836లోనే అమ్మేశారు. పనికిరాని బాయిలర్ అన్నేళ్లు నిలుస్తుందా?

గేజ్_గ్లాస్:
ఆ రోజు ఇంజన్ ఆగిన క్రమం సిలిండర్ కథతో కలవదు. ఎనిమిదో పరుగులో బాయిలర్‌కు నీళ్లు తోసే ఫీడ్ పంపు పనిచేయడం మానేసింది. బాయిలర్‌లో నీళ్లు తగ్గాయి, మంట, వేడి పొగ సాగే ఫ్లూ గొట్టం పైభాగం నీటి మట్టం పైకి తేలింది, అక్కడి సీసపు ప్లగ్ కరిగింది. ప్లగ్ పెట్టేదే అందుకు: నీళ్లు లేని రేకు ఎర్రబడి కుంగిపోకముందే ఆవిరిని మంట మీదికి వదలాలి. పరుగు అక్కడితో ముగిసింది.

బరువు సంగతీ ఉంది. నాలుగు చక్రాల ఇంజన్‌కు పరిమితి నాలుగున్నర టన్నులు. ఇది 4 టన్నుల 15 హండ్రెడ్‌వెయిట్ (టన్నులో 20వ వంతు ఒక హండ్రెడ్‌వెయిట్) దాటింది, అంటే దాదాపు 280 కిలోలు ఎక్కువ. స్ప్రింగులూ లేవు. నిలువు సిలిండర్ పిస్టన్ పైకీ కిందికీ నేరుగా చక్రాన్ని తోస్తుంటే, మధ్యలో స్ప్రింగ్ పెడితే ప్రతి తోపుకీ ఇంజనే ఎగిరి కూర్చుంటుంది. అంటే ఈ చిక్కు ఆ సిలిండర్ అమరికలోనే ఉంది. న్యాయనిర్ణేతలు అయినా పరుగెత్తనిచ్చారు, అది ఆయనకు దక్కిన మేలే.

బాయిలర్_మేస్త్రి:
శీను గారూ, మన్నిక వేరు, ఆవిరి పుట్టించే సత్తా వేరు. సాన్ పరేయ్ బాయిలర్ పొడవు ఆరడుగులు. లోపల యూ ఆకారంలో వెనక్కి తిరిగే ఒకే ఫ్లూ, మంట దగ్గర రెండడుగుల వెడల్పు, చిమ్నీ దగ్గర 15 అంగుళాలు. వేడి తగిలే ఉపరితలం దాదాపు 90 చదరపు అడుగులు. రాకెట్‌లో మూడంగుళాల రాగి గొట్టాలు 25, ఫైర్‌బాక్స్‌తో (మంట గదితో) కలిపి దాదాపు 138 చదరపు అడుగులు. మంట కడ్డీల వైశాల్యం మాత్రం సాన్ పరేయ్‌కి 10, రాకెట్‌కి 6 చదరపు అడుగులు. మంట ఎక్కువ, ఆ వేడిని పట్టే రేకు తక్కువ. అందుకే గంటకు 692 పౌండ్ల కోక్ తినేసింది, రాకెట్ 217తో సరిపెట్టుకుంది.

2002లో నమూనా ఇంజన్లతో పోటీ మళ్లీ పెట్టినప్పుడు కూడా సాన్ పరేయ్ 20 పరుగుల్లో 11 దగ్గరే ఆగింది. దాని సిలిండర్లు ఫోర్త్ స్ట్రీట్‌లో పోసినవి కావు.

షిల్డన్_శీను:
2002 పోటీ జరిగింది లాంగోలెన్ లైన్ మీద, అక్కడ ఎత్తుపల్లాలున్నాయి. రెయిన్‌హిల్‌లో పట్టాలు చదునుగా ఉన్నాయి. ఆ పోలిక నేను ఒప్పుకోను.

కోక్ లెక్క ఒప్పుకుంటాను, కానీ కారణంలో సగమే చెప్పారు. రెండో సగం బ్లాస్ట్ పైప్. వాడేసిన ఆవిరిని చిమ్నీలోకి వదిలితే మంట రాజుకుంటుందని తొలి ఆవిరి రైలింజన్ కట్టిన ట్రెవితిక్ 1804లోనే గమనించాడు. ఆ గొట్టం కొసను సన్నం చేసి, చిమ్నీ నడిమధ్యన నిలబెట్టి, 1827లో ఆరు చక్రాలూ కలిపిన రాయల్ జార్జ్‌లో దాన్ని పనిముట్టుగా మార్చింది హాక్‌వర్త్. సాన్ పరేయ్‌లో ఆ ఊపు ఎంత బలంగా ఉందంటే కాలీకాలని కోక్ ముక్కలు చిమ్నీలోంచి ఎగిరిపోయాయి.

గేజ్_గ్లాస్:
అక్కడే అసలు విషయం ఉంది. బలమైన బ్లాస్ట్ వెడల్పాటి గొట్టంలో వృథా, వేడి రేకుకు అంటేలోపే బయటికి పోతుంది. సన్నని గొట్టాలు చాలా ఉంటే గాలి దారికి అడ్డు ఎక్కువవుతుంది, అప్పుడు లాగడానికి గట్టి బ్లాస్ట్ తప్పనిసరి. రాకెట్‌కు గొట్టాల సలహా ఇచ్చింది లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే అధికారి హెన్రీ బూత్, ఫ్రాన్స్‌లో ఇంజనీర్ మార్క్ సెగ్విన్ అదే దారిలో ఉన్నాడు. గొట్టాలూ బ్లాస్టూ ఒకే ఇంజన్‌లో కుదిరాకే ఆవిరి కొరత తీరింది. బ్లాస్ట్ విషయంలో హాక్‌వర్త్‌కు రావలసిన పేరు రాలేదన్నది నిజం. బహుమతి విషయంలో మాత్రం నేను మేస్త్రి గారి వైపే.

షిల్డన్_శీను:
బహుమతి సంగతి వదిలేస్తాను. నా అభ్యంతరం ఆ లోపభూయిష్టమైన పోతను తేలిగ్గా తీసిపారేయడం మీద. అంగుళంలో 16వ వంతు గోడ అంటే లోపలి అచ్చు పక్కకు జరిగిందన్నమాట, ఒక వైపు పలచన, ఎదుటి వైపు మందం. దురుద్దేశం అక్కర్లేదు, అప్పటి పోతల్లో ఇది జరిగేదే. కానీ అలాంటి ముక్కను తనిఖీ దాటించి బయటికి పంపినవాళ్లకు బాధ్యత ఉంటుంది.