అప్‌డేట్: మా బట్టల షాపు ఏసీల కరెంటు డిమాండ్ తగ్గింది

విజయనగరంలో మా నాలుగంతస్తుల బట్టల షాపులో ఏసీల వల్ల కరెంటు గరిష్ఠ డిమాండ్ (నెలలో ఒక సమయంలో అత్యధికంగా వాడిన లోడు) కరెంటు సంస్థతో ఉన్న ఒప్పందం దాటి పెనాల్టీ పడుతోందని మే నెలలో అడిగాను కదా. రెండు బిల్లులు వచ్చాయి. ఈసారి పరిమితి దాటలేదు. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు.

కంప్రెసర్లు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటే కారణమని నేను పొరబడ్డాను. అది కొన్ని సెకన్లే. మీటరు లెక్కించేది నిర్ణీత వ్యవధి సగటుని. పొద్దున షాపు తీయగానే, కరెంటు పోయి వచ్చాక, అన్ని అంతస్తుల ఏసీలూ ఒక్కసారే ఫుల్ లోడ్‌లో నడవడం వల్లే డిమాండ్ పెరిగేది. ఇప్పుడు కింది అంతస్తు ఏసీలు తొమ్మిదింటికే వేస్తున్నాం, మిగతావి ఇరవై నిమిషాల తేడాతో. కరెంటు వచ్చాక కూడా అదే వరస, టైమర్లు పెట్టించాను.

టెర్రస్ మీద ఏసీల బయటి యూనిట్లు విప్పి చూస్తే బాధేసింది. ఫిన్లకి (వేడిని బయటికి వదిలే పల్చటి రేకులకి) బట్టల నూగు, దుమ్ము కలిసి దుప్పటిలా అతుక్కుపోయి ఉన్నాయి. మెల్లగా నీళ్లతో కడిగించాం.

సెట్టింగ్ 18 నుంచి 25కి మార్చి ఫ్యాన్లు వేశాం. ఒక్కో డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. మన ఉక్కపోతకి చీరల సెక్షన్ అమ్మాయిలు ఇబ్బంది పడతారేమోనని చాలా టెన్షన్ పడ్డాను. రోజూ అడుగుతున్నా, బాగానే ఉందంటున్నారు.

పడమటి అద్దాలకి ఇంకా తెరలు వేయాలి. సాయంత్రం నాలుగింటికి అక్కడ నిలబడలేం.