ల్యాండ్‌ఫిల్ లైనర్ పనిలో నేను చూడని టెస్టులకి సంతకం అడుగుతున్నారు, ఏం చేయాలి?

సివిల్_నరసరావుపేట:
అన్నలూ, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇప్పటిదాకా అపార్ట్‌మెంట్ స్లాబులూ కాలమ్‌లే చూశాను. ఈమధ్యే ఒక కన్సల్టెన్సీలో చేరితే, మున్సిపల్ చెత్త కోసం కొత్తగా కడుతున్న ల్యాండ్‌ఫిల్ సెల్ మీద థర్డ్ పార్టీ క్వాలిటీ ఇంజినీర్‌గా పంపించారు. కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి పొర అయిపోయింది, దాని మీద 1.5 ఎంఎం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీట్ పరుస్తున్నారు, సగం పైనే అయింది. చెత్త నీళ్ళు భూమిలోకి దిగకుండా ఆపే లైనర్ అంటే ఈ రెండు పొరలే. సాయంత్రం అయ్యేసరికి కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ రిజిస్టర్ తెచ్చి ఇవాళ్టి జాయింట్లన్నీ ఎయిర్ టెస్ట్ పాసయ్యాయి సార్ సంతకం పెట్టండి అంటాడు, నేనేమో ఒక్కణ్ణే, రెండు మెషీన్లు రెండు వైపులా నడుస్తుంటాయి, నా కళ్ళతో చూసినవి కొన్నే. డిస్ట్రక్టివ్ టెస్ట్‌కి, అంటే వెల్డ్‌ని లాగి చూసేందుకు, జాయింట్ ముక్క కోసివ్వమంటే "మంచి షీట్‌ని కోసి ప్యాచ్ వేస్తే అదే వీక్ పాయింట్ అవుద్ది" అంటున్నారు. మధ్యాహ్నం అయితే షీట్ అంతా అలలు అలలుగా లేస్తోంది. పైనుంచి క్లయింట్ వాళ్ళు వర్షాలొచ్చేస్తున్నాయి కానివ్వండి అంటున్నారు. దేని మీద గట్టిగా పట్టుబట్టాలి, దేన్ని వదిలెయ్యొచ్చు? ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాంక్రీట్_రాజు:
బ్రో కొత్త ఉద్యోగం, మొదట్లోనే గొడవెందుకు. కాంక్రీట్‌లో మనం ప్రతి బస్తా చెక్ చేస్తామా, క్యూబులు (టెస్ట్ దిమ్మలు) తీసి చూస్తాం కదా. అలాగే రోజుకి ఒక పది శాతం జాయింట్లు నువ్వు దగ్గరుండి చూడు, మిగతావి సంతకం పెట్టెయ్. అందరూ చేసేది అదే.

జియో_విశాఖ:
రాజు గారూ, ఇది తప్పు సలహా అండి, దయచేసి ఆ తమ్ముడికి ఇలా చెప్పకండి. క్యూబ్ ఆ బ్యాచ్ మొత్తానికీ గుర్తు, ఒక చోట బలం కాస్త తగ్గినా పక్కన ఉన్నది మోస్తుంది. లైనర్‌లో పక్కన ఉన్నది మోయడం అనేది లేదు, జాయింట్‌లో ఒక్క చోట అతుక్కోకపోతే లీచేట్ (చెత్తలోంచి ఊరే మురికి నీళ్ళు) ఆ ఒక్క చోటునుంచే కిందికి దిగుతుంది. అందుకే షీట్ జాయింట్లకి ఎయిర్ టెస్ట్ నూటికి నూరు శాతం, శాంపిల్ లెక్క కాదు.

తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. షీట్లని వేడితో అతికించే హాట్ వెడ్జ్ మెషీన్ రెండు గీతలుగా వెల్డ్ చేస్తుంది, మధ్యలో సన్న గాలి దారి ఉంటుంది. రెండు చివర్లా మూసి, సూది గుచ్చి 30 పీఎస్‌ఐ అటూఇటూ గాలి ఒత్తిడి ఎక్కించి ఐదు నిమిషాలు చూస్తారు. 1.5 ఎంఎంకి మామూలుగా 3 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు, మీ స్పెక్‌లో ఎంత రాశారో చూసుకో. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. చాలామంది వదిలేసేది ఆ తర్వాతది: టైమ్ అయ్యాక గేజ్ లేని అవతలి చివర కోసి గాలి వదలమను, అప్పుడు నీ దగ్గరున్న గేజ్ సున్నాకి పడిపోవాలి. పడలేదంటే మధ్యలో ఎక్కడో దారి మూసుకుపోయింది, నువ్వు టెస్ట్ చేసింది జాయింట్‌లో ఒక ముక్కనే, మిగతాది అసలు టెస్టే అవలేదు. గేజ్ దగ్గర ఒకడు ఫోటో తీసి పంపితే ఈ సంగతి ఎప్పటికీ తెలీదు.

ముక్క కోయడం గురించి, మామూలుగా 150 మీటర్ల జాయింట్‌కి ఒకటి కోస్తారు, ఎక్కడ కోయాలో నువ్వే చెప్పాలి, వాళ్ళు చూపించిన చోట కాదు. గాలి నిలిచినంత మాత్రాన వెల్డ్ గట్టిగా ఉందని కాదు, పీల్ టెస్ట్‌లో లాగినప్పుడు షీట్ చిరగాలి గానీ వెల్డ్ విడిపోకూడదు, అది కోస్తే తప్ప తెలీదు. ప్యాచ్ వీక్ పాయింట్ అన్న మాటకి జవాబు, ప్యాచ్‌ని ఎక్స్‌ట్రూజన్ వెల్డ్ చేసి (కరిగించిన ప్లాస్టిక్‌తో అతికించి) సబ్బునీళ్ళు పోసి, గాలి లాగేసే వ్యాక్యూమ్ బాక్స్ పెట్టి చూస్తారు, బుడగ రాలేదంటే సరే. ఇంకోటి, పొద్దున పని మొదలయ్యే ముందు, మళ్ళీ భోజనాల తర్వాత, ప్రతి మెషీన్‌కీ ప్రతి వెల్డర్‌కీ విడి ముక్క మీద ట్రయల్ వెల్డ్ అడుగు. అది పాసవ్వకుండా ఆ మెషీన్ లైనర్ మీదకి ఎక్కకూడదు.

అలల సంగతి కూడా చిన్నది కాదు. 100 మీటర్ల షీట్ 30 డిగ్రీలు వేడెక్కితే అర మీటరు అటూఇటూ సాగుతుంది, నల్ల షీట్ మన ఎండలకి అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. ఆ అల మీద తర్వాతి పొర కంకర పోస్తే అది మడత పడి అక్కడే ఉండిపోతుంది, కింద మట్టికి ఆనుకోదు, చిల్లు పడితే నీళ్ళు ఆ ఖాళీ వెంబడి పారతాయి. కంకర పొయ్యడం తెల్లవారుజామునే, షీట్ చల్లబడి పరుచుకుని ఉన్నప్పుడే.

మట్టిపని_రిటైర్డ్:
బాబూ, బంకమట్టి అయిపోయింది అని ఒక్క ముక్కలో తేల్చేశావు, నాకు భయం అక్కడే. రోడ్ల పని చేసినవాళ్ళని తెస్తే ప్రాక్టర్ సాంద్రతలో (ల్యాబ్‌లో తేలిన గరిష్ఠ సాంద్రతలో) 95 శాతం వచ్చిందా లేదా అనే చూస్తారు. ల్యాండ్‌ఫిల్ మట్టికి సాంద్రత ఒక్కటే చాలదు. ఆప్టిమమ్ (ఆ గరిష్ఠ సాంద్రత వచ్చే తేమ) కంటే కాస్త తడి ఎక్కువ ఉండగా గొర్రెకాళ్ళ రోలర్‌తో తొక్కిస్తేనే గడ్డలు చితికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పొడిగా తొక్కించినా సాంద్రత పాసవుతుంది, కానీ గడ్డల మధ్య సందులు అలాగే ఉండి నీళ్ళు దిగడం పదిరెట్లో వందరెట్లో పెరుగుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో అడిగింది 90 సెంటీమీటర్లు మాత్రమే కాదు, నీళ్ళు దిగే వేగం సెకనుకి కోటోవంతు సెంటీమీటరు మించకూడదని, పొర అడుగుకీ భూగర్భజలాల గరిష్ఠ మట్టానికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలని కూడా. పర్మియబిలిటీ (నీళ్ళు దిగే వేగం) రిపోర్టులు, పొర పొరకీ తేమ రీడింగులు తెప్పించి చూడు. నల్లరేగడి కలిపిన మట్టి అయితే ఇంకా షీట్ పరవని సగం ఎండకి పగుళ్ళు తీసి ఉంటుంది, నీళ్ళు చల్లితే పైన మూసుకుని కనబడుతుంది గానీ లోపల పగులు పోదు. దున్ని, తడిపి, మళ్ళీ తొక్కించాలి.

దమ్మాయిగూడ_వాసి:
నేను ఇంజినీర్‌ను కాదు గానీ చెప్పాలె. మేం జవహర్‌నగర్ డంప్ యార్డ్ పక్కన ఉంటం. ఏండ్ల తరబడి హైదరాబాద్ చెత్త తెచ్చి ఉత్త నేల మీదనే పోసిన్రు, తర్వాత పైన మూత లెక్క కప్పి క్యాపింగ్ చేసిన్రు. దాంతోని వాన నీళ్లు లోపటికి పోవుడు తగ్గుతది, అప్పటికే కిందికి దిగింది ఎట్ల ఆగుతది? పక్కనున్న మల్కారం చెరువు ఎట్లయిందో వచ్చి చూస్తే తెలుస్తది. కింద వేసే షీట్ ఒక్కసారే వేస్తరు, మీద చెత్త పడ్డంక దాన్ని మళ్ల ఎవ్వరు చూడరు. నువ్వు ఆ షీట్ మంచిగ చూడు తమ్మీ, మాలాంటోళ్లం నీకు కనపడకపోయినా ఆ ఊర్ల ఉంటరు.

టెక్సస్_తెలుగు:
ఇక్కడ నేను చేసేది ఇదే పని. అమెరికాలో లైనర్ కట్టాక, రిజిస్టర్డ్ ఇంజినీర్ తన సీల్ వేసి రిపోర్ట్ ఇస్తే గానీ ఆ సెల్‌లో చెత్త పడదు, అందుకే ఎవరూ చూడనిదానికి సీల్ వెయ్యరు. నావి రెండు మాటలు. ఒకటి, షీట్‌కి పెద్ద చిల్లులు పడేది వెల్డింగ్‌లో కంటే దాని మీద కంకర పోసేటప్పుడే, కాబట్టి వెల్డింగ్ అయిపోయింది కదా అని ఆ రోజుల్లో లీవ్ పెట్టకు. డోజర్ నేరుగా షీట్ మీద నడవకూడదు, కంకర మందంగా పోసుకుంటూ దాని మీదే ముందుకి రావాలి. అయ్యాక ఎలక్ట్రికల్ లీక్ సర్వే చేయించమని క్లయింట్‌ని అడుగు, కంకర కింద ఉన్న చిల్లు కూడా దొరుకుతుంది. రెండు, స్లోప్. 1988 మార్చిలో కాలిఫోర్నియాలో కెటిల్‌మన్ హిల్స్ ల్యాండ్‌ఫిల్‌లో చెత్త గుట్ట లైనర్ పొరల మీదుగా జారిపోయింది, దాదాపు 10 మీటర్లు ముందుకి. తడి బంకమట్టికీ నున్నటి షీట్‌కీ మధ్య పట్టు చాలలేదు. మీ స్లోప్ మీద డ్రాయింగ్‌లో గరుకు షీట్ ఉంటే సైట్‌కి వచ్చిన రోల్ కూడా అదేనా అని లేబుల్ చూసుకో.

సివిల్_నరసరావుపేట:
అందరికీ చాలా థాంక్స్. పర్మియబిలిటీ రిపోర్టులు అడిగాను, రెండు పొరలవి కనబడట్లేదు. ఇంకో డౌట్, నేను రాకముందు వెల్డ్ చేసిన జాయింట్లకి రిజిస్టర్‌లో పాత సంతకాలున్నాయి, వాటినేం చెయ్యను?

జియో_విశాఖ:
ఇంకా కంకర పడలేదు కదా, ఆ జాయింట్లు పైకి కనిపిస్తూనే ఉన్నాయి, అదే నీ అదృష్టం. ఎయిర్ టెస్ట్ మళ్ళీ చేయొచ్చు, జాయింట్‌కి అరగంట కూడా పట్టదు. ప్యానల్ లేఅవుట్ డ్రాయింగ్ (ఏ షీట్, ఏ జాయింట్ ఎక్కడుందో చూపేది) తీసుకుని, నువ్వు చూసినవి ఒక రంగు, చూడనివి ఒక రంగు వేసి, చూడనివాటికి రీటెస్ట్ కావాలని, ఆ రెండు పొరల రిపోర్టుల సంగతీ కలిపి, నోటిమాటగా కాకుండా మెయిల్‌లో క్లయింట్‌కీ మీ ఆఫీస్‌కీ పెట్టు. రీటెస్ట్ అయ్యేదాకా ఆ ఏరియాలో కంకర పొయ్యకూడదని అందులోనే హోల్డ్ పాయింట్ రాయి. మీ ఆఫీస్‌ని ఇంకో మనిషిని కూడా అడుగు, రెండు మెషీన్లకి ఒక్కడు చాలడు. వర్షం మాటకొస్తే, ఇన్ని జాయింట్ల రీటెస్ట్ నాలుగైదు రోజుల పని, దానికి షెడ్యూల్ ఏమీ కూలిపోదు.